పల్లె పోలీసు మీద బెంగ: యార్క్‌షైర్‌కు ఉన్నది, సీమకు లేనిది

1990ల్లో బ్రిటన్‌లో ఆదివారం రాత్రి కోటి మందికి పైగా జనం ఒకే సీరియల్ ముందు కూర్చునేవారు. పేరు 'హార్ట్‌బీట్'. 1992 ఏప్రిల్‌లో ఐటీవీ అనే చానల్‌లో మొదలై 2010 సెప్టెంబరులో ఆగింది. 18 సీజన్లు, 372 ఎపిసోడ్లు. చెప్పుకోవడానికి పోలీసు సీరియలే. కానీ కథలు చూస్తే గొర్రెల దొంగతనం, అనుమతి లేని వేట, గట్టు తగాదా, పట్నంలో ఏదో చేసి వచ్చి పల్లెలో దాక్కున్నవాడు, ఎప్పుడైనా ఒక హత్య. ఆగిపోయాక కూడా ఐటీవీ3లో పాత ఎపిసోడ్లు తిప్పి తిప్పి వేస్తూనే వచ్చారు. ఎవరు నేరం చేశారో ముందే తెలిసిన పోలీసు కథను జనం రెండోసారి, మూడోసారి చూస్తున్నారంటే వాళ్లు చూసేది నేరాన్ని కాదన్నమాట.

కర్నూలు, కడప, అనంతపురం నుంచి వెళ్లి బ్రిటన్‌లో స్థిరపడిన పిల్లల దగ్గర కొన్ని నెలలు ఉండి వచ్చే పెద్దవాళ్లకు మధ్యాహ్నం పూట టీవీలో తగిలేది ఇలాంటి సీరియళ్లే. యాస సగం అర్థం కాదు, అయినా కథ అందుతుంది. కొండ, గొర్రెలు, బస్సు కోసం ఎదురుచూసే ముసలమ్మ, స్టేషన్‌లో టీ తాగుతూ కూర్చున్న కానిస్టేబుల్: ఇవి అర్థం కావడానికి ఇంగ్లిష్ అంతగా అక్కర్లేదు. ఆ వెంటనే ఒక ప్రశ్న వస్తుంది. ఇంతకంటే ఎక్కువ కథలున్న రాయలసీమలో పల్లె పోలీసు మీద ఇలాంటి ప్రేమకథ ఒక్కటీ ఎందుకు పుట్టలేదు?

ముందు ఆ సీరియల్ ఎలా పనిచేసిందో చూడాలి. దాని మూలం ఒక పోలీసాయన రాసిన పుస్తకాలు. ఇంగ్లండ్ ఉత్తరాన నార్త్ యార్క్‌షైర్‌లో ఉద్యోగం చేసిన పీటర్ వాకర్, నికోలస్ రియా అనే కలం పేరుతో ఒక పల్లె కానిస్టేబుల్ అనుభవాలను కథలుగా రాశాడు. టీవీ వాళ్లు ఆ కథలను తీసుకుని, ఎయిడెన్స్‌ఫీల్డ్ అనే కల్పిత గ్రామంలో, 1960ల్లో నిలబెట్టారు. లండన్ నుంచి బదిలీ అయి వచ్చిన నిక్ రోవన్ అనే కుర్ర కానిస్టేబుల్, డాక్టరైన అతని భార్య కేట్ మొదటి జంట. రోవన్‌గా వేసిన నిక్ బెర్రీ పాడిన టైటిల్ పాట ఆ ఏడాదే బ్రిటన్ పాటల పట్టికలో రెండో స్థానం దాకా వెళ్లింది. అసలు ఆ పాట 1950ల నాటి అమెరికా గాయకుడు బడ్డీ హాలీది. అంటే చూసేవాళ్లకు కథ కంటే ముందే, సంగీతంలోనే పాతకాలం వినిపించింది. ఎపిసోడ్ నిండా 60ల నాటి పాప్ పాటలు. ఒక కారు మలుపు తిరిగితే పాట, ఒక అమ్మాయి తలుపు మూస్తే పాట.

కాలం సంగతి ఇంకా చిత్రమైనది. సీరియల్ పద్దెనిమిదేళ్లు నడిచింది గానీ కథ మాత్రం 1960లు దాటి బయటికి రాలేదు. క్రిస్మస్‌లు వస్తాయి, పోతాయి. నటులకు జుట్టు నెరుస్తుంది. హీరో ఉద్యోగం మానేసి కెనడా వెళ్లిపోతాడు, కొత్త కానిస్టేబుల్ వస్తాడు. క్యాలెండర్ మాత్రం 1970లోకి అడుగు పెట్టదు. మామూలుగా దీన్ని టీవీ వాళ్ల వెసులుబాటు అని నవ్వి వదిలేస్తారు. కానీ ఆ గీత సరిగ్గా అక్కడే ఎందుకు పడిందన్నది ఆలోచించదగ్గ విషయం.

ఎందుకంటే, ఆ పల్లె పోలీసు నిజంగా మాయమైంది సరిగ్గా ఆ కాలంలోనే. 1960ల మధ్య నుంచి బ్రిటన్ పోలీసు శాఖ కార్లు, చేతి రేడియోలు పెట్టుకుని పెద్ద ప్రాంతాన్ని ఒక్కసారిగా చూసుకునే పద్ధతికి మారడం మొదలుపెట్టింది. ఊళ్లోనే పోలీసు ఇంట్లో కాపురముండి, నడిచో సైకిల్ మీదో తిరిగే కానిస్టేబుల్ అవసరం తగ్గుతూ వచ్చింది. వాకర్ పనిచేసిన నార్త్ రైడింగ్ పోలీసు దళమే 1968లో పక్క దళాలతో కలిసిపోయి, ఆ పేరుతో లేకుండా పోయింది. రైలు కథ కూడా అంతే. సీరియల్‌ను తీసిన గోత్‌ల్యాండ్ గ్రామం గుండా పోయే రైలు మార్గాన్ని బ్రిటిష్ రైల్వే ఖర్చుల కోత కింద 1965లోనే మూసేసింది. 1973లో అభిమానులు, వాలంటీర్లు దాన్ని పర్యాటక రైలుగా తిరిగి తెరిచారు. తెర మీద పొగబండి హాయిగా కూత వేస్తూ వస్తుంది గానీ, కథ నడిచే ఆ ఏళ్లలోనే నిజం పట్టాల మీద ప్రయాణికుల రైలు ఆగిపోయింది. ఇదే స్టేషన్ తర్వాత మొదటి హ్యారీ పాటర్ సినిమాలో మంత్రాల బడి పిల్లలు దిగే స్టేషన్ కూడా అయింది.

కాబట్టి 'హార్ట్‌బీట్' చూపించింది ఒక మామూలు దశాబ్దాన్ని కాదు, తీసేయబోతున్న ఏర్పాటు ఆఖరి రోజుల్ని. ఊరికి ఒక పోలీసు, ఒక డాక్టరు, ఒక పోస్టాఫీసు, ఒక రైలు స్టేషన్. 1992లో టీవీ ముందు కూర్చున్నవాళ్లలో చాలామంది ఇవి నాలుగూ మూతపడటం చూసినవాళ్లు. వాళ్ల పిల్లలకు ఆ అనుభవం లేదు, అయినా వాళ్లూ చూశారు. తాము బతకని కాలం మీద కూడా మనిషికి బెంగ పుడుతుంది, తల్లిదండ్రుల దగ్గర విన్నది ఉంటే చాలు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పుకోవాలి. 1963 నుంచి 1965 దాకా ఇంగ్లండ్‌ను వణికించిన 'మూర్స్ హత్యలు' జరిగింది ఆ కాలంలోనే. ఇద్దరు కలిసి ఐదుగురు పిల్లల్ని, యువకుల్ని చంపారు. శవాలను పాతిపెట్టిన బీడుకొండలు అప్పటి యార్క్‌షైర్ పశ్చిమ భాగంలోవే. సీరియల్‌లో కొండలు అందంగా ఉంటాయి, ఎర్రటి ఊదా పూల మీద కెమెరా నెమ్మదిగా తిరుగుతుంది. కొండ అంటే అప్పటి తల్లులకు గుర్తొచ్చిన ఆ భయం మాత్రం ఆదివారం రాత్రి గదిలోకి రాదు. ఇది మోసమని కొందరంటారు. మోసం అనేది పెద్ద మాటే గానీ, ఏరివేత మాత్రం కచ్చితంగా ఉంది. బెంగ ఎప్పుడూ ఏరుకునే తింటుంది.

ఇలా ఏరుకున్నదాంట్లో అసలు బలం మనుషులు. సార్జెంట్ బ్లేక్‌టన్ అనే పాత్ర తీసుకోండి. డెరెక్ ఫౌల్డ్స్ వేశాడు. మొదట్లో కింది వాళ్లను గడగడలాడించే కఠినమైన అధికారి. గుండె జబ్బుతో రిటైరవుతాడు. మామూలు పోలీసు సీరియల్ అయితే అతని కథ అక్కడ అయిపోవాలి. ఇందులో అతను ఊరు వదలడు. పోస్టాఫీసు నడుపుతాడు, తర్వాత ఊరి పబ్బులో భాగస్తుడవుతాడు. ఒకప్పుడు తాను లాకప్‌లో వేసిన మనిషికే గ్లాసు నింపి ఇస్తాడు. ఆ మనిషి పేరు గ్రీన్‌గ్రాస్. చిరిగిన కోటు, వెంట ఆల్ఫ్రెడ్ అనే కుక్క, ఎప్పుడూ ఏదో ఒక దొంగ బేరం. మన పల్లెల్లో 'వాడొట్టి కంత్రీనాయాలు' అని తిడుతూనే పెళ్లికి పిలిచే రకం. బిల్ మేనార్డ్ ఆ పాత్ర వేసినంతకాలం సగం కథలు అతని చుట్టూనే తిరిగాయి. ఆయన ఆరోగ్యం పాడై తప్పుకోగానే అలాంటి ఇంకో కంత్రీని, ఆ తర్వాత మరొకరిని తెచ్చి ఆ ఖాళీ నింపారు. హీరో మారినా ఫరవాలేదు గానీ చిల్లర దొంగ కుర్చీ ఖాళీగా ఉండకూడదని తీసేవాళ్లకు బాగా తెలుసు.

ఎందుకు? ఆ దొంగను పట్టుకోవడానికి వచ్చిన పోలీసుకు అతని పేరు తెలుసు, కుక్క పేరు తెలుసు, నిరుడు ఏం చేశాడో తెలుసు. కేసు పెట్టాలా, చెవి మెలేసి వదలాలా అనేది ఆ తెలిసినతనం నిర్ణయిస్తుంది. ప్రేక్షకుడికి సుఖమనిపించేది అదే. చట్టం ఉంది, కానీ అది మన మొహం గుర్తుపడుతుంది. అరెస్టయినా ఊళ్లోంచి ఎవరూ గెంటివేయబడరు. పట్నంలో పక్క ఫ్లాటు మనిషి పేరు తెలియకుండా బతికేవాడికి ఇంతకంటే తీపి కల ఏముంటుంది?

ఇప్పుడు సీమకు వద్దాం. ఇక్కడ పోలీసు అంటే గుర్తొచ్చేది ఇది కాదు. మొదటి జవాబు అందరికీ తెలిసిందే: ఫ్యాక్షన్. ఊరి మొగదల నెలల తరబడి పోలీసు పికెట్, బైండోవర్ కేసులు, నాటుబాంబుల కోసం గడ్డివాముల్లో సోదాలు. 1999 తర్వాత వరుసగా వచ్చిన ఫ్యాక్షన్ సినిమాలు ఈ బొమ్మను ఇంకా గట్టిగా అతికించాయి. వాటిలో పోలీసు రెండే పనులు చేస్తాడు: అమ్ముడుపోతాడు, లేదా అంతా అయిపోయాక జీపులో వస్తాడు. కర్నూలు కొండారెడ్డి బురుజు తెర మీద కనిపిస్తే సుమోలు ఎగురుతాయని దేశమంతటికీ అలవాటు చేశారు. ఆ బురుజు కింద రోజూ ట్రాఫిక్ సర్దుకునే కానిస్టేబుల్‌ను ఎవరూ చూపించలేదు.

ఈ జవాబు నిజమే గానీ సగం. అసలు కారణం ఇంకా వెనక ఉంది.

యార్క్‌షైర్ కానిస్టేబుల్ ఊళ్లో పెరిగిన ఏర్పాటు. మన స్టేషన్ అలా పుట్టలేదు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేసేనాటికి ఊరి కావలి పాళెగాళ్ల చేతుల్లో, వాళ్లు పెట్టిన కావలివాళ్ల చేతుల్లో ఉండేది. కావలి రుసుం తీసుకున్నందుకు, సొమ్ము పోతే పట్టివ్వాలి, లేదంటే నష్టం కట్టివ్వాలి అనేది ఆ ఏర్పాటు లెక్క. కావలివాడే దొంగతో కలిసిన సందర్భాలకూ కొదవ లేదు, అది వేరే సంగతి. అనంతపురం కేంద్రంగా 1807 దాకా ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పాళెగాళ్లను అణచివేయడంతో ఆ కావలి కూడా వాళ్ల చేతుల్లోంచి జారింది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు శిస్తు వసూలు చేసేవాళ్లే పోలీసు పని కూడా చేశారు. వాళ్లు జనాన్ని చిత్రహింసలు పెట్టిన తీరు మీద 1854లో మద్రాసు ప్రభుత్వమే విచారణ కమిషన్ వేయాల్సి వచ్చింది. 1859లో మద్రాసు పోలీసు చట్టం, 1861లో దేశమంతటికీ పోలీసు చట్టం వచ్చాయి.

ఆ పోలీసుకు నమూనాగా తీసుకున్నది ఇంగ్లండ్ పల్లె కానిస్టేబుల్‌ను కాదు, ఐర్లండ్ సాయుధ పోలీసును. ఐర్లండ్ అప్పుడు పాలితుల నేల. అక్కడి పోలీసు జనంతో కలవకుండా బ్యారక్‌లో ఉంటాడు, ఆయుధం పట్టుకుంటాడు, ఆదేశం పైనుంచి తీసుకుంటాడు. అంటే ఒకే ప్రభుత్వం తన పల్లెకు ఒక రకం పోలీసును, మన పల్లెకు ఇంకో రకం పోలీసును ఇచ్చింది. మొదటి రకానికి ఆదివారం రాత్రి సీరియల్ వచ్చింది. రెండో రకానికి సామెతలు వచ్చాయి, అవి ఇక్కడ రాయదగ్గవి కావు.

సీమ జ్ఞాపకంలో ఇది ఎంత లోతుగా దిగిందో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ చాలు. 1846లో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. 1847 ఫిబ్రవరిలో అక్కడే ఉరి తీశారు. తలను 1877 దాకా కోట బురుజు మీద వేలాడదీసి ఉంచారని చెబుతారు. పాటలు కట్టింది ఆ తల మీద. ఆ తలకు కాపలా కాసిన బంట్రోతు మీద ఎవరు పాట కడతారు?

స్వాతంత్ర్యం వచ్చాక కూడా స్టేషన్ ఊరికి బయటి వస్తువుగానే మిగిలింది. ఎస్సైని సాధారణంగా సొంత ఊరి స్టేషన్‌లో వేయరు, రెండు మూడేళ్లకు బదిలీ. అది మంచి ఉద్దేశంతోనే, బంధుత్వాలు అడ్డు రాకూడదని. కానీ ఎయిడెన్స్‌ఫీల్డ్ పోలీసుకు ఉన్న తెలిసినతనం అలా వచ్చేది కాదు. సీమ పల్లెలో అది ఉన్నది తలారికి, కొంతవరకు మునసబుకు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేశాక పెద్దవాళ్లలో కొందరు ఆ రోజులే మేలని ఇప్పటికీ అంటుంటారు. ఆ మాట ఎవరంటున్నారో గమనించాలి. మునసబు అరుగు మీద కూర్చోగలిగినవాళ్లు ఒకలా గుర్తుపెట్టుకుంటారు, అరుగు కింద చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్లు ఇంకోలా. మాలపల్లెలో అడిగితే, 'అప్పుడు స్టేషన్ దాకా పోనిచ్చేదెవరు' అనే ప్రశ్నే జవాబుగా వచ్చే అవకాశం ఎక్కువ. 'హార్ట్‌బీట్'లోనూ ఈ లోపం ఉంది. ఆ ఊళ్లో వలస వచ్చిన నల్లవాళ్లు, ఆసియావాళ్లు దాదాపు కనపడరు. 60ల్లో వాళ్లకు బ్రిటన్‌లో ఎదురైన అవమానాలు అసలే కనపడవు. పల్లె అందరిదీ అన్న భావన, కొందరిని ఫ్రేము బయట పెట్టినప్పుడే తేలిగ్గా వస్తుంది.

అయినా కథల కొరత మాత్రం సీమకు లేదు. పైగా వరుస కట్టి ఉన్నాయి.

తొలకరి పడగానే తుగ్గలి మండలం జొన్నగిరి చుట్టుపక్కల చేలల్లో వజ్రాల వేట మొదలవుతుంది. పక్క జిల్లాల నుంచి, కర్ణాటక నుంచి జనం సద్దిమూటలతో వచ్చి చెట్ల కింద మకాం వేస్తారు. ఒకరికి రాయి దొరికిందన్న పుకారు పుడితే చాలు, వ్యాపారులు గుట్టుగా బేరం మొదలుపెడతారు. తన చేను తొక్కుతున్నారని రైతు గొడవ. రాయి ఒకరు చూశారు, ఒకరు తీశారు, చేను ఇంకొకరిది. ఈ మూడు ముక్కల పంచాయితీకి ఒక హెడ్ కానిస్టేబుల్‌ను నిలబెడితే గంట ఎపిసోడ్ తనంతట తానే నడుస్తుంది. ఆస్పరి మండలం కైరుప్పలలో ఉగాది మరుసటి రోజు ఊరు రెండుగా చీలి పిడకలతో కొట్టుకుంటుంది, అయ్యాక అందరూ కలిసి గుడికి పోతారు. మొహర్రంలో అనంతపురం జిల్లా గూగూడు కుళ్లాయిస్వామి దగ్గర హిందువులు, ముస్లింలు కలిసి పీర్ల ముందు నిలబడతారు. ఉగాదికి దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి ముస్లింలు కొబ్బరికాయ పట్టుకుని వస్తారు. వీటన్నిటికీ బందోబస్తు ఉంటుంది. ఆ బందోబస్తులో ఎండకు నిలబడ్డ కానిస్టేబుల్ అన్నీ చూస్తాడు. ఆ చూపు నుంచి ఇంతవరకు ఎవరూ కథ చెప్పలేదు.

ఇక రోజువారీ సరుకు: బోరు మోటార్ల కేబుల్ కోసి రాగి అమ్ముకునేవాళ్లు, ట్రాన్స్‌ఫార్మర్ దొంగలు, మట్కా చీటీలు రాసే టీకొట్టు, తుంగభద్ర అవతల నుంచి కర్ణాటక మద్యం ప్యాకెట్లు దాటించే కుర్రాళ్లు, లంకమల అడవిలో ఎర్రచందనం దుంగల కోసం వచ్చిన కూలీలు. ఆఖరిది చిల్లర నేరం కాదు, ప్రాణాలు పోయే వ్యాపారం. అది ఆదివారం రాత్రి సీరియల్‌లో ఇమడదు. కేబుల్ దొంగ మాత్రం బాగా ఇముడుతాడు. గ్రీన్‌గ్రాస్‌కు సీమ తమ్ముడు వాడే.

మరి అడ్డేమిటి? కొంత డబ్బు లెక్క. 'హార్ట్‌బీట్' వారానికో గంట చొప్పున, ఎక్కువగా బయటి లొకేషన్లలో తీసిన సీరియల్. అందులో సగం నటన ఆ కొండలదే. అంత ఖర్చు పెట్టుబడికి మోయలేనిదయ్యే సరికి, 2009లో ప్రకటనల ఆదాయం పడిపోయినప్పుడు, ఐటీవీ దాని నిర్మాణాన్నే ఆపేసింది. తెలుగు చానళ్ల సీరియల్ వారానికి ఆరు రోజులు రావాలి. 'హార్ట్‌బీట్' పద్దెనిమిదేళ్లలో చేసిన 372 ఎపిసోడ్లను మన డైలీ సీరియల్ సుమారు ఏడాదిన్నర లోపే దాటేస్తుంది. ఆ వేగానికి హైదరాబాదులో వేసిన సెట్టు హాలు, మేడ మెట్లు, వంటగది మాత్రమే సరిపోతాయి. పత్తికొండ నల్లరేగడి మీద మబ్బు పట్టేదాకా యూనిట్‌ను కూర్చోబెట్టే నిర్మాత డైలీలో దొరకడు. ఓటీటీలో ఎనిమిది ఎపిసోడ్లకు బడ్జెట్ దొరుకుతుంది గానీ, అక్కడివాళ్లకు మళ్లీ రక్తమే కావాలి.

డబ్బు కంటే గట్టి అడ్డు ఇంకోటుంది. బెంగ పడాలంటే ముందు ఆ వస్తువు పోయి ఉండాలి, పోయేముందు కొంతైనా మనదై ఉండాలి. ఇంగ్లండ్ పల్లె పోలీసు విషయంలో ఈ రెండూ జరిగాయి. సీమలో ఫ్యాక్షన్ చాలావరకు తగ్గింది, పికెట్లు లేచిపోయాయి, ఆ కుటుంబాల పిల్లలు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్నారు. కాబట్టి పోవడం అనేది కొంత జరిగింది. మనదవడం ఇప్పుడిప్పుడే, అదీ అనుకోని చోట మొదలైంది. 2019 తర్వాత గ్రామ సచివాలయాల్లో మహిళా పోలీసులను నియమించారు. ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఉండే అమ్మాయి, అందరి ఇళ్లూ తెలిసిన మనిషి. అధికారాల మీద, డ్యూటీల మీద చాలా వాదనలు జరిగాయి, కోర్టుల దాకా వెళ్లాయి. కథకు అవన్నీ పనికొచ్చేవే.

సీమ సీరియల్ ఎవరైనా రాయాలనుకుంటే వాళ్లకు రెండు కాలాలు అందుబాటులో ఉన్నాయి. ఒకటి 1980ల తొలి సగం: కడప ఆకాశవాణి, స్టేషన్‌కు ఒక్క జీపు, రాజ్‌దూత్ బండి, మునసబు పదవి పోతుందన్న పుకారు, బదిలీ మీద కోస్తా నుంచి వచ్చి 'రవ్వంత నీళ్లియ్యప్పా' అనే మాటకు అలవాటు పడుతున్న కుర్ర ఎస్సై. ఇది 'హార్ట్‌బీట్' అచ్చు, తేలికైన దారి. రెండోది ఈ మహిళా పోలీసు కాలం. కష్టమైనది, ఎందుకంటే దాని మీద ఇంకా బెంగ పుట్టలేదు. రెండిట్లో ఏది తీసుకున్నా దసరా రాత్రి దేవరగట్టును తప్పించుకోలేరు. హొళగుంద మండలంలోని ఆ కొండ మీద మాళమల్లేశ్వరస్వామి ఉత్సవ విగ్రహాల కోసం ఊళ్లకు ఊళ్లు కర్రలతో తలపడతాయి. పోలీసులు ముందు రోజుల నుంచే ఊరూరా తిరిగి కర్రలు స్వాధీనం చేసుకుంటారు, నిషేధాజ్ఞలు పెడతారు, కెమెరాలు బిగిస్తారు. అర్ధరాత్రి దాటాక కాగడాల వెలుగులో కర్రలు లేస్తూనే ఉంటాయి. తలలు పగిలినవాళ్లు పసుపు అద్దుకుని, ఇది మా ఆచారం సార్ అంటారు. మరుసటి నెలలో అదే మనిషి తన బోరు కేబుల్ పోయిందని అదే స్టేషన్‌కు వస్తాడు. స్టేషన్‌లో రాతకోతలు చూసే రైటర్ అతని తల మీద కుట్లు చూసి, ఏమీ అడగకుండా ఫిర్యాదు రాసుకుంటాడు.